గంట మోగించని దొర

లీ నది పొంగి బజారు వీధిలోకి నీళ్ళొచ్చాక నాలుగో ఏడు అది. తిరుగుబాటు చేసేవాళ్ళ కోసం కార్క్ ఊరంతా దొరల సిపాయిలు తిరుగుతున్నారు. షాండన్ గుడి గంటలు చూసే డోనల్ నా మేనల్లుడు. ఒకనాడు రైలు స్టేషను దగ్గర ఒక దొర ఊరు చూపించమని నా గుర్రబ్బండి ఎక్కాడు.

"ముందు షాండన్ గుడికి పోదాం దొరా. బురుజెక్కి ఎవరైనా గంటలు మోగించొచ్చు. ఊరికొచ్చినవాళ్ళు మోగించకుండా పోరు."

"వద్దు. నేనొచ్చానని ఊరంతా చాటడం దేనికి?"

"అయితే మాంసం బజారు చూద్దురు. ఉడికించిన పంది కాళ్ళు బాగుంటాయి."

"ఆ గంటల డోనల్ కిందికి ఎప్పుడు దిగుతాడు?"

"వాడు మీకెలా తెలుసు?"

"వాడి అన్న డబ్లిన్‌లో మా చేతికి చిక్కాడు. మొండివాడు. కడసారిగా ఆ పేరొక్కటి చెప్పి ప్రాణం వదిలాడు. బండి ఆపావేం ముసలాయనా?"

"గుర్రం కాల్లో రాయి ఇరుక్కుంది దొరా. డోనలా? వాడు జ్వరమొచ్చి పోయాడుగా, పోయిన నెల్లోనే."

"అలాగా. మరి అదిగో, ఆ గుడి బురుజు మీంచి నీకు చెయ్యూపుతున్నదెవరు?"

"గుడి ఊడ్చేవాడు. అందరికీ ఊపుతాడు, వెర్రివాడు."

"చూద్దాం. రేపు పొద్దున స్టేషనుకి రా. ఇద్దరం కలిసి ఆ బురుజెక్కుదాం."

మర్నాడు పొద్దున నేను స్టేషనుకి పోలేదు. డోనల్‌ని గడ్డిమోపుల కింద పడుకోబెట్టి ఓడరేవు దారి పట్టాను. అన్న కబురేమైనా తెలిసిందా మామా అని వాడు గడ్డిలోంచి అడిగాడు. నేను గుర్రాన్ని అదిలించాను.