గంట విన్నవాడు

ఆపరేషన్ గది బయట వరండా. కిటికీ చువ్వకు చేతులు కట్టేసి ఉన్న ఆటోడ్రైవరు, లాఠీ పట్టుకున్న వాచ్‌మన్, ఆసుపత్రి నడిపే కన్యాస్త్రీల మఠం తాలూకు ముసలి సిస్టరు.

"కట్లు విప్పండి! ఆ డాక్టరు రెండో చెయ్యి కూడా విరగ్గొట్టి పోతాను!"

"విన్నారా సిస్టరమ్మా? ఇనప స్టూలుతో బాదాడండీ. ఎముక విరిగిన చప్పుడు గేటు దాకా వినపడింది."

"నువ్వు లాఠీతో చేసింది చాల్లే, వాచ్‌మన్. మొహమంతా నెత్తురే. ఇదిగో బాబూ, నీ రక్తం ఏ గ్రూపు? త్వరగా..."

"నా రక్తం కూడా కావాలా? సర్కారు సొమ్ము, కంపెనీ మిషన్లు, మఠం వాళ్ళ ప్రార్థనలు... మూడూ కలిశాయి, ఇక భయం లేదని అందరూ అంటే నమ్మి నా పెళ్ళాన్ని తెచ్చానే!"

"నమ్మినవాడివి, డాక్టరు నోరు తెరవకముందే కొట్టావేం?"

"ఇంకేం చెప్తాడు? మీ మఠం గంట విన్నాగా!"

"గంట విని కొట్టావా?"

"విని కొట్టాను. మళ్ళీ కొడతాను."

"ఆ గంట వింటే జనం మిఠాయిలు పంచుతారయ్యా!"

"మిఠాయిలా? నా పెళ్ళాం చస్తే మిఠాయిలా? మీరసలు మనుషులేనా?"

"అమ్మో! సిస్టరమ్మా, వెనక్కి రండి! కాలు దించరా! దించు, లేకపోతే పళ్ళు రాలగొడతా!"

"కొట్టకు! కొట్టకన్నానా! బాబూ... ఎవరు చచ్చారని చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? మా నాన్న ఇక్కడే పోయాడు. అప్పుడూ ఇదే గంట. మా వీధి వాళ్ళు ఇక్కడ ఎవరు పోయినా ఇదే గంట మోగేది."

"అది ఎప్పటి మాట? ఆ తర్వాత ఇటు రాలేదా నువ్వు?"

"మళ్ళీ ఈ గేటు తొక్కలేదు."

"అయ్యో దేవుడా! సర్కారూ కంపెనీ మాతో చేతులు కలిపిన రోజే చావుగంట ఆపించారయ్యా, రోగులు హడలిపోతున్నారని. గంట మూగబోతుంటే ఉండబట్టలేక, బిడ్డ పుడితే కొడదామని నేనే అన్నాను."

"బిడ్డ... బిడ్డ పుడితేనా?"

"పాప. గుక్కపట్టి ఏడుస్తోంది, అచ్చం నీలాగే."

"మరి... మరి డాక్టరు నా దగ్గరికెందుకొచ్చాడు?"

"మీ ఆవిడకి రక్తస్రావం ఆగట్లేదు. నిన్ను రక్తం అడగడానికొచ్చాడు."

"ఒకటే గ్రూపు! ఇద్దరిదీ ఒకటే! విప్పండి... ఇప్పుడు లోపల ఎవరున్నారు? అమ్మా, చెప్పమ్మా, ఎవరున్నారు?"

"ఆయనే. చెయ్యి వేలాడేసుకుని, ఎక్కడ నొక్కాలో, ఎక్కడ కుట్టాలో నర్సుకి నోటితో చెప్తున్నాడు. కట్లు విప్పవయ్యా వాచ్‌మన్! నీకూ ఓ మాట చెప్పమన్నాడు: 'వాణ్ణి కొట్టొద్దని చెప్పండి. వాడి ఒంట్లోంచి కారే ప్రతి చుక్కా నా పేషెంటుది.'"