ఆవిరిగదిలో నెవిల్ కొట్టిన ఉద్యోగం

నెవిల్ మనిషి మంచివాడే గానీ నోటికి గడియ లేదు. ఇంగ్లండులోని లీడ్స్ నుంచి పెళ్ళాం హిల్కా వెంట, ఆమె పుట్టిన చలిదేశపు ఊరు టాంపెరె వచ్చి ఏడాదైనా ఉద్యోగం లేదు. ఎక్కడికెళ్ళినా "ముందు మా భాష నేర్చుకుని రా నాయనా" అనేవాళ్ళే. సరస్సు మీద మంచు కరిగేలోపు పని దొరక్కపోతే మూటాముల్లె సర్దుకుని లీడ్స్ పోదామని హిల్కా తేల్చి చెప్పేసింది. పుట్టినూరు వదలాలని ఆమెకి లేదు, వదిలించాలని ఇతనికీ లేదు.

ఆ శనివారం ఊరి ఆవిరిగదిలో, నీళ్ళు పోస్తే ఆవిరి లేచే కాలే రాళ్ళ పొయ్యి ఎదుట, మగాళ్ళంతా దిసమొలలతో చెక్కబల్లల మీద వరసగా కూర్చున్నారు. అందరికీ ఇంగ్లీషు వచ్చు, ఆ దేశంలో నోరు తెరవడమే బరువు.

"ఏం బావా, పనేమైనా దొరికిందా?" అన్నాడు హిల్కా తమ్ముడు అహ్తి, అందరి ముందూ.

నెవిల్‌కి తల కొట్టేసినట్టయింది. లేదనబోయి, "దొరక్కేం! లెహ్తొవారా రంపాల ఫ్యాక్టరీలో!" అనేశాడు. నిజానికి మొన్న ఆ గేటుదాకా వెళ్ళి, బోర్డు మీద ముక్క అర్థంకాక వెనక్కొచ్చాడు.

"ఎలా ఇచ్చారేం?"

"ఊరికే అలా వెళ్ళి కూర్చున్నా. యజమాని లెహ్తొవారా వచ్చాడు. మనిషా అది! గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాలి. నన్ను ఎగాదిగా చూసి తన ఆవిరిగదిలోకి తీసుకెళ్ళాడు. అదే ఇంటర్వ్యూ! ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టు. ఆయన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే నేను చెంబెడు పోశా. ఆయన బకెట్టు కుమ్మరించాడు. మేనేజర్లు బాబోయ్ అని పరుగో పరుగు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెబితేగా తెలిసేది!"

"వేడి కొలిచే మీటరు అద్దం టప్పున పేలింది! బల్లల్లోంచి జిగురు కారింది. బయట సరస్సు మీద మంచంతా కరిగి, నీళ్ళు కుతకుతా ఉడికి, చేపలు తేలాయనుకో! కిటికీలోంచి చెయ్యి చాపి, ఉప్పద్దుకుని తిన్నాం."

"ముళ్ళు తీశారా బావా?"

"ముళ్ళు కూడా మెత్తబడిపోయాయిరా! పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నేను ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. చివరికి ఆయనే నా కాళ్ళు పట్టుకుని, 'బాబూ, ఇంత మౌనం మా దేశంలోనే చూళ్ళేదు, సోమవారం నుంచి నా కుర్చీలో నువ్వే కూర్చో' అని ఏడ్చాడు. కన్నీళ్ళు బుగ్గ దిగకముందే ఆవిరైపోయాయి!"

ఎవరూ నవ్వలేదు. అందరూ బకెట్టు పక్కనున్న బక్కపల్చటి ముసలాయన వంక చూశారు.

"పోయనా?" అని మర్యాదగా అందరినీ అడిగి, ఆయన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోశాడు. చుయ్‌మంది.

"లెహ్తొవారా అంటే నేనే," అన్నాడు.

నెవిల్ తువ్వాలు కోసం తడుముకున్నాడు. బట్టలు విప్పేశాక యజమానెవరో పనివాడెవరో ఎలా తెలిసి చావాలి! ఉన్న ఒక్క ఆశా చేజేతులా పోగొట్టుకున్నాననుకున్నాడు. హిల్కా పెట్టెలు సర్దుతున్నట్టే కనబడింది.

"అద్దం పేలింది, నమ్మాను," అన్నాడు ముసలాయన తాపీగా. "చేపలు ఉడికాయి, నమ్మాను. నేను ఏడ్చానన్నా నమ్మాను. కానీ పొద్దున్నుంచీ నోరు మూసుక్కూర్చున్నానన్నావు చూడు, అదొక్కటి చచ్చినా నమ్మను."

గది ఘొల్లుమంది. అహ్తి బల్లమీంచి జారిపడబోయాడు.

నవ్వులు ఆగాక ముసలాయన అన్నాడు: "రంపాలు కావాలని ఇంగ్లండు నుంచి ఫోన్లొస్తాయి. మా ఆఫీసులో ఒక్కడూ ఎత్తడు. మోగీ మోగీ ఆగిపోతాయి. నీలాంటి వాగుడుకాయ కోసమే చూస్తున్నా. సోమవారం వచ్చెయ్. కుర్చీ మాత్రం వేరేది ఇస్తా."

నెవిల్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మూసి, మళ్ళీ తెరిచాడు. ఊహూఁ. కళ్ళల్లో నీళ్ళు మాత్రం గిర్రున తిరిగాయి.

ముసలాయన కాసేపు అలాగే చూసి, గరిటె బకెట్లో పడేశాడు.

"సరే, అదీ నమ్మాను."