చెన్నకేశవులు సార్ చూడని సెమీఫైనల్

నీకన్న ముందు ఆ పీడీ కుర్చీల, గదే ఆటల సార్ కుర్చీల, ఎవరు కూసున్నరంటవా బిడ్డా? మేడం అనాలె గని, ఏమనుకోకు, నా నోట్లకెళ్ళి బిడ్డా అనే వస్తది. చానమంది కూసున్నరు తీ. ఒకాయిన ఆర్నెల్లు, ఇంకొకామె యేడాది. కూసోనోడు మాత్రం ఒక్కడే, చెన్నకేశవులు సార్. ఆయన చాయ్ తాగినా నిలవడే, హాజరు పట్టీ రాసినా నిలవడే. మాది కరీంనగర్ దిక్కు, ఆయనది ప్రొద్దుటూరు. వచ్చిన కొత్తల ఆయన మాట నాకు తెల్వకపోవు, నా మాట ఆయనకు తెల్వకపోవు. "ఓదెలన్నా, ఆ పార యాడుంది?" అంటే నేను పాలనుకొని బీరువల జూసి "పాల్లేవు సార్" అన్న. గిట్లుండె మా కథ. ఇంతకు ఆయన అసలు ఆట ఏందనుకున్నవు? ఖోఖో. బాస్కెట్‌బాల్ గాదు. గప్పటి ప్రిన్సిపాల్ సీతారామయ్య గారు, కాకినాడ దిక్కు ఆయన, మెత్తగ మాట్లాడుకుంటనే గొంతు కోస్తడు, గా ఇంటర్వ్యూల అడిగిండంట, "మీకు బాస్కెట్‌బాల్ వచ్చా అండీ?" అని. ఈయన "వస్తాది సార్" అన్నడు. నౌకరీ ఇచ్చిండ్రు. నెల తిరగంగనే దొరికిపోయిండు. "ఇదేమిటండీ, వచ్చన్నారు కదా?" అంటే, "వస్తాది అన్న్యా సార్, వచ్చు అన్లేదు. ఇప్పుడు వస్తా ఉండాది" అన్నడు.

అబద్ధం ఎందుకు, నేర్చుకున్నడు పాపం. కేపీహెచ్‌బీల నెట్ సెంటర్ల కూసొని... కూసోడు గదా, నిలవడి... ఆట వీడియోలు చూసి, కాయితం మీద గీతలు గీసుకొచ్చి పోరీలకు చెప్పేటోడు. మన మదీనాగూడ నుంచి అటు కూకట్‌పల్లి దాక ఎనిమిది కాలేజీలు గలిసి ఆడపిల్లల లీగ్ పెట్టుకున్నయి గప్పుడు. అందరు అందరితోటి ఆడాలె. అయిపోయినంక ఆఖర్ల పెద్ద టోర్నమెంట్. శుక్రవారం నాలుగు మ్యాచులు, శనివారం సెమీఫైనల్, ఐతారం ఫైనల్. దాంట్ల మొదటి నంబరోళ్ళు ఎనిమిదో నంబరోళ్ళతోటి ఆడాలె. ఎనిమిదో నంబరు ఎవరనుకున్నవు? మనమే. ఏడు మ్యాచులాడితే ఏడు ఓడినం. ఓడుడంటే గట్లిట్ల గాదు. ఒకసారి మన పిల్ల బంతి తెచ్చి మన రింగులనే ఏసింది. సార్ చప్పట్లు గొట్టిండు. "సార్, అది మనకు గాదు, వాళ్ళకు పడ్డది" అని నేను చెవుల జెప్తే, "పడింది గదన్నా, ఇన్ని దినాలకు పడింది" అన్నడు.

ఆ యేడు టోర్నమెంట్ మన కాలేజీల పెట్టే వంతు వచ్చింది. దానికి వారం ముంగటనే ప్రిన్సిపాల్ సార్‌ను పిలిచిండు. నేను చాయ్ తీస్కపోయిన గద, అన్నీ ఇన్న. "చెన్నకేశవులు గారూ, మన బస్సులు రోడ్డు మీద ఆగుతున్నాయండి. పోలీసులు రోజూ గొడవ. టోర్నమెంటు అవగానే ఆ కోర్టు తీసేసి బస్సులకి ఇద్దామనుకుంటున్నాం" అన్నడు. కోర్టు పోతే ఆయనతో ఇంకేం పని? ఆయనది అసలే కాంట్రాక్టు నౌకరీ. సార్ "ఫైనల్‌కు పోతే?" అన్నడు. ప్రిన్సిపాల్‌కు నవ్వొచ్చింది, ఆపుకుండు. "ఫైనల్ దాకా వెళ్తే కోర్టు జోలికి రానండి. ఏడుకొండలవాడి మీద ఒట్టు" అన్నడు. ఏడు మ్యాచులు ఓడినోళ్ళు ఫైనల్‌కు ఏడికెళ్ళి పోతరని ఆయన ధైర్యం.

బయటికొచ్చి నన్ను అడిగిండు సార్, "ఓదెలన్నా, మన పిల్లోళ్ళకు ఏమొస్తాది?" అని. ఏం రాదు సార్ అన్న, ఉన్నదే జెప్పిన. "ఉరికేది వస్తాది గదా?" అన్నడు. గంతే. ఆ వారం రోజులు బంతి ముట్టనియ్యలే. ఖోఖో ఆడిపిచ్చిండు. వంగి కూసోవాలె, లేవాలె, వెంటవడాలె. మంది చూసి నవ్విండ్రు. మనకున్నది ఆరుగురే పిల్లలు. వాళ్ళ కెప్టెన్ ప్రశాంతి అని, గింతే ఉంటది, నా భుజం దాక గూడ రాదు. గని దానికి కాళ్ళున్నయా, చక్రాలున్నయా తెల్వకపోవు. శుక్రవారం నాడు మొదటి నంబరు కాలేజీ దిగింది. ఆళ్ళకు రెండు రకాల బట్టలు, రెండు రకాల బూట్లు, ఆళ్ళ కోచ్‌కు నల్లద్దాలు. మనోళ్ళను జూసి, మంచిగ ఆడే పిల్లలను కూసోవెట్టి మిగిలినోళ్ళను దింపిండు ఆయన. మనోళ్ళు ఆడలేదు బిడ్డా, వెంటవడ్డరు. బంతి ఎవరి చేతుల ఉంటే ఆమెకు గాలి ఆడనియ్యలే. గీత మీద నిలవడి సార్ ఒకటే మాట, "ఖో! ఖో! ఖో!" అని. ఆ పిల్లలు భయపడి బంతి ఇడిసిపెట్టుడు, ప్రశాంతి ఎత్తుకొని ఉరుకుడు. నల్లద్దాలాయన తేరుకొని మంచోళ్ళను దింపేవరకు టైమే అయిపోవచ్చింది. ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది. గెలిచినం! రెఫరీగ రత్నమాల మేడం ఉండె, జర కడక్ మనిషి, నవ్వది. ఆమె గూడ విజిల్ నోట్లనే పెట్టుకొని నవ్వింది. సీతారామయ్య గారు పైన కిటికీలకెళ్ళి చూసి పటుక్కున రెక్కేసుకుండు.

అయ్యిందా, తెల్లారి శనివారం. మూడు గొట్టంగ సెమీఫైనల్. పొద్దుగాల పదికి నేను సున్నం గీతలు గీస్తున్న, స్వాతి అని ఇంకొక పిల్ల ఉరికొచ్చి సార్‌తోటి జెప్పింది, "సార్, ప్రశాంతికి ఇయ్యాల రెండింటికి మాదాపూర్‌ల ఇంటర్వ్యూ ఉంది, ఆఖరి రౌండు, పోనంటుంది" అని. ఆ యేడు సాఫ్ట్‌వేర్ నౌకరీలు ఏడున్నయి బిడ్డా? అమెరికాల ఏందో మునిగిందని ఇక్కడ ఉన్నోళ్ళనే ఎల్లగొడుతుండ్రి. మన కాలేజీల ఒక్కరికంటే ఒక్కరికి రాలే. గసుంటిది ఈ పిల్ల రెండు రౌండ్లు దాటి గూడ, పోనంటుంది. సార్ పిలిచిండు. "ఏమ్మా, నిజమేనా?" అంటే, అది తలకాయ వంచుకొని, "నేను పోతే ఓడిపోతం సార్. కోర్టు పోతది. మీ నౌకరీ పోతది" అన్నది. ఎవరు జెప్పిండ్రు దానికి అంటవా? ఇంకెవరు, నేనే. నా నోరు అసుంటిది. సార్ నన్నొక చూపు చూసిండు. చూసి ఆ పిల్లతోటి, "కోర్టుకు అమ్మానాయనా ఉండారా? నీకుండారు. నడువ్" అన్నడు. ఆటో ఎక్కిద్దాం సార్ అన్న నేను. "కొత్తగూడ కాడ దిగి ఎనక్కొస్తాది ఇది, నాకు తెల్దా" అని తన స్కూటర్ మీదనే ఎక్కించుకుండు. ఎక్కినంక, బండి కిక్కు కొట్టినంక, అప్పుడు జెప్పిండు నాకు, "మూడు లోపల వస్తా. రాకపోతే నువ్వే కోచ్" అని. నేను నోరు తెరిచేవరకు గేటు దాటిండు.

రాలే. మూడయింది, రాలే. గా కంపెనీల పిల్లలను వరుసల కూసోవెట్టి ఒక్కొక్కరినే పిలుస్తుండ్రంట. ఈయనను లోపటికి రానియ్యలే. గేటు బయట ఎండల నిలవడ్డడు, తను కదిలితే ఆ పిల్ల ఎక్కడ లేచి ఉరికొస్తదో అని. ఇక్కడ నా సంగతి చెప్పాల్నా? సార్ ట్రాక్ సూట్ జాకీటు మేకుకు ఉంటే తొడుక్కున్న. నాకు అది మోకాళ్ళ దాక వచ్చింది. రత్నమాల మేడం వచ్చి "కోచ్ ఎవరు?" అంటే చెయ్యెత్తిన. "నువ్వా ఓదెలూ?" "నేనే మేడం." పిల్లలు ఐదుగురే, బదిలీ లేదు. నాకేమొచ్చు? అయినా పిలిచి చుట్టు నిలవెట్టుకొని, సార్ లెక్కనే ముఖం బెట్టి, "బిడ్డా, వాళ్ళు ఉరికితే మీరు ఉరుకుండ్రి, వాళ్ళు నిలవడితే... మీరు దమ్ము తీసుకోండ్రి" అన్న. అదే నా కోచింగు. ఆళ్ళ కోచ్ ఏదో చెయ్యి సైగ చేస్తే నేను గూడ చేసిన, నాదేంది పోయింది. ముందల సోఫల ప్రిన్సిపాల్, ఆయన పక్కన చీఫ్ గెస్టు. "పీడీ గారేరీ? ఈ జాకెట్లో ఉన్నది మన అటెండరు కాదూ?" అని ప్రిన్సిపాల్ అడుగుడు నాకు ఇనవడుతనే ఉంది.

గని ఆ పిల్లలు ఆడిండ్రు బిడ్డా. ప్రశాంతి లేదన్న కోపమో, ఉన్నదనే అనుకుండ్రో. ఇరవై ఏడు మనయి, ఇరవై ఆరు వాళ్ళయి. ఇగ పన్నెండు సెకండ్లున్నయి. బంతి వాళ్ళ దగ్గరుంది. ఆళ్ళ పిల్ల ఒకామె గట్టిగ ఇసిరింది, అందుకునే పిల్లకు అందలే. అది దొర్లుకుంట నా దిక్కే వస్తుంది. బయటపడిందంటే బంతి మనది, మ్యాచు మనది. ఇంకొక్క జానెడు. ఒక్క జానెడు... ఇరవై యేండ్లకెళ్ళి నా పనేంది బిడ్డా? బంతి వచ్చిందంటే పట్టుకోవాలె, తిరిగి ఇసరాలె. చెయ్యి దానంతటదే పోయింది. వంగి పట్టుకున్న. పట్టుకొని, వాళ్ళ పిల్లకే మర్యాదగ అందిచ్చిన. "తీస్కో బిడ్డా" అన్న గూడ. విజిల్ ఊదింది రత్నమాల మేడం. కోర్టుల బంతి నడుస్తుంటే కోచ్ ముట్టద్దు. వాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చి, మల్ల బంతి గూడ వాళ్ళకే ఇచ్చింది. రెండూ పడ్డయి. అయిపోయింది. ఒక్క పాయింటు.

ఐదున్నరకు స్కూటర్ చప్పుడయింది. సార్ మొఖం ఎర్రగ కాలిపోయి ఉంది. "ఏమాయె ఓదెలన్నా?" అన్నడు. నా నోట్లకెళ్ళి ఏమొచ్చిందో నాకే తెల్వదు. "రెఫరీ అన్యాలం చేసింది సార్. ఉత్తగ ఫౌలిచ్చింది" అన్న. పిల్లలంతా అక్కడనే ఉండ్రి. నా దిక్కు జూసి, కింద జూసిండ్రు. సార్ గట్టిగ ఊపిరి తీసి, "అట్లనా. ఇంగ ఆ రత్నమాలమ్మతో జన్మలో మాట్లాడితే ఒట్టు" అన్నడు.

కోర్టా? ఉన్నది గద, కనవడుతలేదా? అదే విచిత్రం. ఇంటర్వ్యూల ప్రశాంతిని అడిగిండ్రంట, నువ్వు ఎప్పుడన్న ఓడిపోయినవా అని. ఏడు మ్యాచులు వరుసగ ఓడినం సార్ అన్నది. మరి ఎనిమిదోది ఎందుకాడిండ్రు అంటే, "మా సార్‌కు బాస్కెట్‌బాల్ రాదు సార్. ఆయనకు ఓడిపోయినట్టు తెల్వదు" అన్నదంట. వాళ్ళు పడి పడి నవ్వి నౌకరీ ఇచ్చిండ్రు. సోమవారం మన సీతారామయ్య గారు సార్‌ను పీకేసే కాయితం టైపు చేయించి పెట్టుకుండు, డ్యూటీ ఇడిసిపెట్టి పోయిండని. గంతల ఆ పిల్ల ఆర్డరు పట్టుకొచ్చింది. కాలేజీ మొత్తానికి ఒక్క నౌకరీ! ఆ కాయితం ఏడ వడ్డదో గని, మూడోనాటికి గేటు మీద గింత పెద్ద ఫ్లెక్సీ లేచింది. దాంట్ల ప్రశాంతి, చేతుల బంతి. ఎనక నేను గూడ ఉంటి, చీపురు పట్టుకొని, నన్ను కోసేసిండ్రు. ఆ ఎండకాలం అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు ఒకటే అడుగుడు, ఆ పిల్ల ఆడిన జాగ ఏడుంది అని. ఇగ బస్సులను ఎవడు రానిస్తడు దాంట్లకు? "క్రీడలు మా సంస్థకి ప్రాణమండీ" అనుకుంట ప్రిన్సిపాలే తిప్పి చూపిచ్చేటోడు. బస్సులు ఇప్పటికి గూడ రోడ్డు మీదనే.

సార్ రిటైరయిందాక ఉన్నడు. అన్నేండ్లల్ల రత్నమాల మేడంతోటి మాట్లాడలే. ప్రతి టోర్నమెంటుకు ఆమె వస్తుండె. ఈయన మొఖం అటు తిప్పుకొని, "ఓదెలన్నా, దొంగ రెఫరీ వచ్చింది సూడు" అంటుండె. ఆమె గూడ ఈయన పక్క చూడకపోవు. నేను ఉన్నది చెప్దామనుకోవాలె, చాయ్ ఇచ్చి బయటికి రావాలె. ఇయ్యాల గాదు రేపు. రిటైరయి ప్రొద్దుటూరు పోయిండు. రెండో యేడు ఫోనొచ్చింది, పొద్దున పొలం కాడ కూలవడ్డడు, దవాఖానకు తీస్కపోయే లోపలనే... అని.

నేను పోయేవరకు మూడోనాడయింది. బస్సు దిగి ఇంట్లకు పోయిన. సార్ భార్య పద్మావతమ్మ గోడకొరిగి కూసుంది. వంటింట్లకెళ్ళి చాయ్ పట్టుకొని ఎవరొచ్చిండ్రనుకున్నవు? రత్నమాల మేడం. నేను బిత్తరపోయిన. "మీరేంది మేడం ఇక్కడ?" అన్న. పద్మావతమ్మ జెప్పింది, "మా ఆయనకు రాఖీ కట్టే చెల్లెలన్నా ఈమె. కేపీహెచ్‌బీలో ఉన్నన్ని దినాలు ఆదివారమైతే మా ఇంట్లోనే తిండి" అని. మేడం చాయ్ నా చేతిల వెట్టి, "నువ్వు ఒకసారి చెప్పకుండ ఇంటికొచ్చినవు యాదికున్నదా ఓదెలూ? గా అరగంట నేను వంటింటి తలుపు ఎనక నిలవడ్డ" అన్నది. ఎందుకు మేడం అన్న. అంటే, ఆ శనివారం నాడే, ఆ పొద్దుమీకి, సార్ ఆమె దగ్గరికి పోయి అడిగిండంట, ఫౌల్ ఎందుకిచ్చినవని. ఉన్నది ఉన్నట్టు జెప్పిందంట, బంతి ఓదెలు పట్టుకుండు అని. సార్ శానసేపు నవ్విండంట. నవ్వి నవ్వి, కండ్లు తుడుసుకొని, "నాకాడ అబద్ధమాడినాడంటే ఓదెలన్నకు ఎంత కష్టమైంటాదో మేడం. ఆయనంతట ఆయన చెప్పేదాకా మీరు దొంగ రెఫరీగానే ఉండండి" అన్నడంట. "ఒక వారం పడతదనుకున్న. పదకొండేండ్లు పట్టిచ్చినవు గదయ్యా" అన్నది మేడం.

...

ఆఁ? ఏం లేదు బిడ్డా. ఏం లేదు.

ఓ బాబూ! ఆ బండి ఎవరిది? గేటుకు అడ్డం పెడితే బస్సు ఎట్ల తిరుగుతది? తియ్యి, తియ్యి. జర అవుతలికి పెట్టు.