నడుమ కట్టని ఐసు దిమ్మ

సభాధ్యక్షులు తిరుమలరావుగారికి, వేదిక మీది పెద్దలకు, నా ఫ్యాక్టరీ ఎప్పుడు మూతపడుతుందా అని ఇన్నేళ్లూ ఓపిగ్గా ఎదురుచూసి, చివరికి నన్ను సాగనంపడానికి వచ్చిన ఐసు ఫ్యాక్టరీల యజమానులకు, బోట్ల ఓనర్లకు నమస్కారం. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. నేను మాత్రం హాస్యానికి అనలేదు.

శాలువా కప్పుతూ తిరుమలరావుగారు, నన్ను మొదటి నుంచీ ప్రోత్సహించానన్నారు. నేను హార్బరు దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, ఎదురుగా తన ఫ్యాక్టరీ గుమ్మంలో కుర్చీ వేసుకుని, "ఏటి వరాలు బావా, ఐసు సేత్తన్నావా, తపస్సు సేత్తన్నావా?" అని రోజూ ప్రోత్సహించిన మాట నిజమే.

ఈ పని తెలియనివారి కోసం ఒక మాట. డబ్బాలో నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డకడతాయి. నడుమ భాగం అన్నిటికన్నా చివర కడుతుంది. పైకి గట్టిగా కనబడిందని తొందరపడి తీస్తే లోపల నీళ్లే ఉంటాయి. బోటు నడిసముద్రం చేరేసరికి ఆ దిమ్మ కరిగిపోతుంది, చేపలు పాడవుతాయి. గిరాకీ లేని రోజుల్లోనే ఆ తొందర ఎక్కువ; వచ్చిన ఒక్క మనిషీ వెళ్లిపోతాడేమోనని భయం. అదిగో, ముందు వరుసలో అప్పలసూరి. నా గడప తొక్కిన మొదటి బోటు ఓనరు. ఇంకా కట్టలేదు, సాయంత్రం దాకా ఆగమన్నాను. "నీ ఐసు కట్టేసరికి సముద్రంలో సేపలు గుడ్లెట్టి పిల్లల్ని సేసేత్తాయి బావా!" అని ఎదురు ఫ్యాక్టరీకి పోయాడు. ఇలాంటి సభల్లో, అతను మర్నాడే పశ్చాత్తాపంతో తిరిగొచ్చాడని చెప్పాలి. రాలేదు. మరుసటి ఏడు తిరుమలరావుగారి మోటారు కాలిపోతే వచ్చాడు. (నవ్వులు) సూరీ, తల దించుకోకు. అప్పటినుంచీ ఉన్నావుగా.

వ్యాపారంలో గెలిచినవాళ్ల జీవితకథలు చాలా చదివాను. ప్రతి పుస్తకంలోనూ 'తొలినాళ్లలో కొంత ఇబ్బంది పడ్డారు' అని ఒక వాక్యం ఉంటుంది. నేనూ నా భార్యా ఆ వాక్యంలో కాపురం చేశాం. పొద్దున్నే గేటు తీయడం, రోడ్డు చూడడం, వచ్చే ప్రతి బండీ మనకేనేమో అనుకోవడం, అది దాటిపోవడం.

ఇప్పుడు ఆ వాక్యంలో మా అమ్మాయి రోజారమణి ఉంది. రొయ్యల చెరువుల కోసం తగరపువలసలో నా పేరు మీద తను పెట్టిన ఐసు యూనిట్‌కు గిరాకీ లేదని మీ అందరికీ తెలుసు. ఈ పొద్దున మొదటి లారీ వచ్చింది. ఐసు నడుమ కట్టలేదని అమ్మాయి దాన్ని ఖాళీగా పంపేసింది. ఇందాక భోజనాల దగ్గర మీరు నవ్వుకున్నది దాని గురించే. అక్కడే తిరుమలరావుగారు నా చెవిలో, "పిల్ల ములిగిపోతాది బావా, యూనిట్ నాకిచ్చేయ్, స్టేజీ మీదే సెప్పేయ్" అన్నారు. తల ఊపాను. భయంతో ఊపాను. ఈ వయసులో మళ్లీ ఆ ఖాళీ రోడ్డు చూడగలనా అని.

చెప్పమన్నారు గనక స్టేజీ మీదే చెబుతున్నాను. యూనిట్ ఇవ్వను.

అమ్మాయి ఆ వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నా వైపు చూడడం లేదు. రమణీ, నా భయం పోలేదు. ఆ లారీ మళ్లీ వస్తుందని కూడా నేను చెప్పలేను. అయినా నడుమ కట్టేదాకా డబ్బా తియ్యకు. రేపటినుంచి నాకు వేరే పని లేదు. గేటు నేను తీస్తాను, రోడ్డు నేను చూస్తాను. నువ్వు ఐసు చూసుకో.

శాలువాకు కృతజ్ఞతలు, తిరుమలరావుగారూ. తగరపువలసలో పొద్దున్నే గేటు దగ్గర చలిగా ఉంటుంది, పనికొస్తుంది.

సెలవు.