మహీధర్ మోసిన గోడలు

సింగపూర్‌లో సెరంగూన్ హాకర్ సెంటర్ అనే తిండి అంగళ్ళ దగ్గర టీలు రాగానే మహీధర్ గొంతు సవరించుకున్నాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ తికమక సరిచేసే పని మీద ఆఫీసు నుంచి ఒక్కరిని ఇంగ్లండ్ పంపాలి. ఆ ఒక్కరెవరో సాయంత్రం టీ దగ్గర చెబుతానన్నారు జనార్ధనరావు సార్. ఇదివరకే వెళ్ళొచ్చానంటే తననే పంపుతారని మహీధర్ లెక్క.

"అక్కడ పాతకాలపు దొరగారి దివాణం ఒకటుంది సార్. అంటే ఏముంది, మన జమీందారు లోగిలి లాంటిదే. కప్పు ఎప్పుడో పోయి మొండిగోడలూ, చుట్టూ నీళ్ళ కందకం మిగిలాయి. చట్టం కాపాడుతున్న కట్టడం, రాయి కదిపితే నేరం. ఊరికే చూద్దామని వెళ్ళా, గోడ కాస్త ఒరిగినట్టుంటే భుజం ఆనించా, అంతే."

"అంతేనా?" అన్నాడు పక్కసీటు కౌశల్.

"అంతే అయితే చెప్పడమెందుకు? అటుగోడా ఒరిగింది, దానికి కాలు అడ్డం పెట్టా, ఇంతలో గాలివాన, కందకం పొంగింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? దివాణం మునిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేక నీళ్ళన్నీ తాగేశా."

"చేపలతో సహానా?"

"చేపల్ని ఏరి పక్కన పెట్టా, మనం శాకాహారులం కదా. వాన వెలిసేసరికి ఊరు ఊరంతా వచ్చి దివాణం నీకే రాసిస్తామని ఒకటే బతిమాలడం. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో నా ఫ్లాటుకి కప్పుందయ్యా, కప్పులేని కొంప నాకెందుకన్నా."

సార్ కూడా నవ్వేశారు. ఇంకేం, మహీధర్‌కి టికెట్టు చేతికొచ్చినట్టే అనిపించింది. సూట్‌కేసులో ఆవకాయ సీసా ఏ మూల సర్దాలో కూడా తేలిపోయింది.

అదే ఆఫీసులో పనిచేసే రుచిత టీ కప్పు కింద పెట్టింది. ఆ ప్రయాణం మీద ఆమెకీ ఆశ ఉంది.

"మహీధర్ గారూ, రాయి కదిపితే నేరమన్నారు. మీరు గోడలకి గోడలే మోశారు. జరిమానా వేశారా, కేసు పెట్టారా? వీసాకి అడుగుతారు కదా."

చూయింగ్ గమ్ కొనాలన్నా జంకే ఊళ్ళో జరిమానా మాట వింటే ఎవరైనా మాట మార్చేస్తారు.

"కేసేం లేదు సార్. నేను గోడని ముట్టుకోలేదు."

"వేలితో కూడానా?" అన్నారు సార్.

"దగ్గరికే వెళ్ళలేదు."

"మరి ఎక్కణ్ణుంచి చూశావు?"

"ఇక్కడే, మన పాయా లేబర్ పోస్టాఫీసు నుంచి సార్. ఫ్రెండు పోస్టుకార్డు పంపాడు."

సార్ టీ పూర్తిచేసి రుచిత వైపు తిరిగారు.

"నువ్వే వెళ్ళమ్మా. ఆదివారం తీరిక దొరికితే ఆ గోడలు నిలబడే ఉన్నాయా లేదా చూసి ఓ ఫోన్ చెయ్యి. ఇక్కడ మహీధర్ బెంగపెట్టుకుంటాడు."