అట్టలు పైకెత్తండి

వేదిక మీదున్న మా పాలకవర్గం అధ్యక్షులవారికి, ఆయన పక్కనే కూర్చుని నేనెంతసేపు మాట్లాడతానోనని అప్పుడే గడియారం వైపు చూస్తున్న మా హెడ్మిస్ట్రెస్ గారికి, నాతోపాటు స్టాఫ్ రూములో చల్లారిపోయిన టీలు తాగిన తోటి టీచర్లకి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకి, వెనక వరసల్లో ఇవాళ కూడా కబుర్లాపని మా ఎనిమిదో తరగతికి, అందరికీ నమస్కారం. మూడో వరసలో మావారున్నారు. ఆయనకి విడిగా ఇంకో నమస్కారం. ఎందుకంటే రేపట్నుంచి నా పాఠాలు వినాల్సింది ఆయనొక్కరే. (నవ్వులు)

రిటైరవుతున్నానని నా గురించి చాలా మంచిమాటలు చెప్పారు. సైన్సు టీచరుగారైతే నాకసలు కోపమే రాదన్నారు. అప్పుడు వెనకనుంచి పిల్లలు దగ్గారు, మీరూ విన్నారు. (నవ్వులు) అందరూ కలిసి ఓ పడకకుర్చీ బహుమతిగా ఇచ్చి, "ఇక హాయిగా కూర్చోండి మేడమ్" అన్నారు. తప్పకుండా కూర్చుంటాను. కాకపోతే ఇంట్లో నాకు కుర్చీ వేసి, ఇక్కడ బళ్ళో నా కుర్చీ తీసేస్తున్నారు. ఆ మాట తేల్చకుండా కూర్చోమంటే నావల్ల కాదు.

(హెడ్మిస్ట్రెస్ గారు అధ్యక్షులవారి వైపు చూశారు.)

కంగారు పడకండి మేడమ్, గొడవ పెట్టుకోను. అధ్యక్షులవారంటే నాకు గౌరవం. వానకాలం వస్తే గొడుగు వేసుకుని పాఠం చెప్పిన ఆ పై గదికి కొత్త కప్పు వేయించింది ఆయనే. అయితే మొన్న మీటింగులో ఆయనో మాటన్నారు. "ఫోనే అన్నీ దిద్దేస్తుంటే ఇంకో లెక్కల టీచరెందుకండీ? ఉన్నవాళ్ళు క్లాసులు పంచుకుంటే సరిపోదూ?" అని. నా ముందే అన్నారు, చాటుగా అనలేదు. అందుకే నేనూ ఆయన ముందే మాట్లాడుతున్నాను.

ఆ ఫోను సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కిందటేడు హెడ్మిస్ట్రెస్ గారు నన్నూ మా కంప్యూటర్ మాస్టారినీ పిలిచి, "ఈ పద్ధతి మన బడికి పనికొస్తుందో లేదో ఏడాదిపాటు వాడి చెప్పండి" అన్నారు. ఈ మాస్టారు ఎక్కడికెళ్ళినా భుజాన వైర్లు వేలాడుతుంటాయి కాబట్టి పిల్లలు ఆయన్ని తీగల మాస్టారంటారు. ఆ పేరు మీకు తెలీదని నేననుకోను మాస్టారూ, తెలిసే ఉంటుంది. (నవ్వులు) పద్ధతి చాలా తేలిక. ప్రతి పిల్లకీ ఓ అట్ట ఇస్తాం. దానిమీద నల్లటి గళ్ళబొమ్మ, ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. నాలుగు అంచులకీ అ, ఆ, ఇ, ఈ అని చిన్నగా రాసి ఉంటుంది. నేను ప్రశ్న అడుగుతాను, వాళ్ళు తమ జవాబు అంచు పైకొచ్చేలా అట్ట ఎత్తుతారు, నేను ఫోను అలా ఓసారి తిప్పితే ఎవరేం చెప్పారో నాకొక్కదానికే కనబడుతుంది. పక్కవాళ్ళది చూసి ఎత్తుదామంటే కుదరదు, బొమ్మలు వేరు కదా.

ఈ పనికి నన్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు తెలుసు. నేను సరేనంటే ఇంకెవరూ కాదనరని. నేనేమో మొదటిరోజే, "పిల్ల మొహం చూస్తే చెప్పేస్తాను పాఠం ఎక్కిందో లేదో, నాకీ అట్టముక్కలెందుకు" అన్నాను. మాస్టారు నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఎనిమిదో తరగతిలో ఓ అమ్మాయుంది. తన గురించి చెప్పొచ్చా అని నిన్ననే అడిగాను. "చెప్పండి టీచర్, పేరు మాత్రం వద్దు" అంది. "అర్థమైందా?" అని నేను పూర్తిగా అడగకముందే తలూపే పిల్ల తను. నిజం చెప్పాలంటే నేను పాఠం నడిపేది ఆ తల చూసే. ఆ తల ఊగిందా, పేజీ తిప్పేదాన్ని. ఫోనేమో ఆ పిల్లకి భిన్నాల కూడిక రాదంటుంది. ఎన్ని లెక్కలిచ్చినా ఒకే రకం తప్పు చూపిస్తుంది. "మాస్టారూ, మీ ఫోను పాడైంది" అన్నాను. పాపం ఆయన ఇంకో ఫోను తెచ్చిచ్చారు. అదీ అదే మాట. సరే చూద్దామని వెళ్ళి ఆ పిల్ల బల్ల మీద పక్కనే కూర్చున్నాను. "మరి రోజూ ఎందుకు తలూపావే?" అంటే ఏం చెప్పిందో తెలుసా? "మీరంత కష్టపడి చెప్తుంటే, అర్థం కాలేదంటే బాధపడతారేమోనని, టీచర్."



ఏడాదంతా నేను తనకి పాఠం చెప్తున్నాననుకున్నాను. తనేమో నన్ను ఓదారుస్తోంది. ఫోను దగ్గర ఎవరికీ ఆ మొహమాటం ఉండదు. అది బాధపడదు కదా. అందుకని అధ్యక్షులవారూ, నేను వద్దంటానని చాలామంది అనుకుంటున్నారు గానీ, ఫోను ఉంచండి. నా కళ్ళు చూడలేనిది అది చూసింది. (చప్పట్లు)

ఆగండి, ఇది సగమే. మిగతా సగానికి ముందు చిన్న పరీక్ష. మీ కుర్చీల మీద తలో అట్ట పెట్టించాం, దేనికా అని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు ఇందాకట్నుంచి. వేదిక మీదివాళ్ళకీ ఉన్నాయి, తప్పించుకోలేరు. (నవ్వులు) ప్రశ్న వినండి. సగమూ మూడోవంతూ కలిపితే ఎంత? అ, అయిదింట రెండు వంతులు. ఆ, ఆరింట అయిదు వంతులు. ఇ, ఆరింట ఒక వంతు. ఈ, టీచరుగారూ నన్నొదిలేయండి. (పెద్దగా నవ్వులు) మాట్లాడుకోకూడదు. ఏమండీ, మూడో వరస, మీకే చెప్తున్నా. అట్టలు పైకెత్తండి!

(తీగల మాస్టారు ఫోను పట్టుకుని హాలంతా, తర్వాత వేదికంతా తిప్పారు. గోడమీద పేర్లు లేకుండా నాలుగు గీతలు కనిపించాయి.)

అమ్మో, 'అ' ఎంత పొడుగ్గా ఉందో చూశారా! పైవి రెండూ కూడేసి, కిందవి రెండూ కూడేశారు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి చేసిన తప్పూ ఇదే. అప్పుడు ఓ కాగితం సగానికి మడిచి తన చేతికిచ్చాను. చాలాసేపు చూసి, "టీచర్, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటి?" అంది. ఏడాదిలో తను నన్నడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు 'ఆ', ఆరింట అయిదు వంతులు.

ఏంటి మాస్టారూ? ఒకరు జవాబివ్వలేదంటోందా? అందరూ ఎత్తారే! ఎవరూ దించకండి, చేతులు నొప్పెట్టినా సరే. ఈలోగా ఇంకో పిల్ల సంగతి చెప్తాను.

ఆరో తరగతిలో ఓ చిన్నది. ఫోను దానికి వారాల తరబడి 'జవాబు లేదు' అనే వేసింది. ఇంటికి కబురు కూడా దానంతటదే వెళ్ళిపోయింది, మీ అమ్మాయి క్లాసులో పాలుపంచుకోవడం లేదని. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది, మెషీను ఆపుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇంట్లో గడగడా చెప్తుందండీ, ఇక్కడేమైంది దీనికి?" అని ఒకటే ఏడుపు. ఆ మర్నాడు నేను ఆ చిన్నదాని పక్కన కూర్చుని అట్టెత్తమన్నాను. ఎత్తింది. దాని బొటనవేలు సరిగ్గా నల్లగడి మీదుంది! వేలు అడ్డమొస్తే ఫోను బొమ్మ చదవలేదు. జవాబు రాలేదన్నకొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకునేది, వేలు ఇంకా అడ్డమొచ్చేది. నేను చేసిందల్లా ఆ వేలు కాస్త పక్కకి జరపడమే. అన్నీ సరైన జవాబులే.

అధ్యక్షులవారూ, మీ గురించి ఓ మాట అనొచ్చా? లేవకండి, నేనే వస్తాను.

(మైకు పట్టుకుని ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళారు. హాలంతా నవ్వులు.)

ఈ వేలు కొంచెం ఇటు. అంతే. మాస్టారూ, ఇప్పుడు చూడండి. వచ్చిందా? ఏమొచ్చింది? 'ఆ'! సరైన జవాబు! (చప్పట్లు)

కలప కోసి అమ్మేవారికి సగాలూ మూడోవంతులూ రాకపోతే ఇంకెవరికొస్తాయండీ? లెక్క మీకు వచ్చు, అట్టా ఎత్తారు. అయినా ఇప్పటిదాకా ఫోను లెక్కలో ఈ హాలు మొత్తానికి జవాబు చెప్పనిది మీరొక్కరే. మీ పక్కకి ఓ మనిషి రావాల్సొచ్చింది. నా కుర్చీలో రేపు ఎవరూ లేకపోతే ఆ చిన్నదాని పక్కకి ఎవరొస్తారు? నేనడిగేది అదొక్కటే.

(అధ్యక్షులవారు ఏదో అన్నారు.)

మైకులో చెప్పండి, వెనకవాళ్ళకి వినపడలేదట. (నవ్వులు)

("సెలవులయ్యేలోగా కొత్త లెక్కల టీచర్ని వేస్తామమ్మా. ఫోనూ ఉంటుంది, మనిషీ ఉంటారు. ఇక నా వేలు వదిలెయ్యండి." చాలాసేపు చప్పట్లు.)

చాలా సంతోషం. నిజంగా చాలా సంతోషంగా ఉంది. హెడ్మిస్ట్రెస్ గారికి, నా విసుగంతా భరించిన తీగల మాస్టారికి, నాతో పనిచేసిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. కుర్చీకి కూడా. మాస్టారూ, కొత్త టీచరుతో ఒక్కమాట చెప్పండి. ఫోను చూసిన ప్రతిసారీ, వెళ్ళి ఓ బల్ల మీద కూర్చోమని.

ఇక వెనక వరసలో ఉన్న నా తల్లీ, నీ పేరు చెప్పలేదు, చూశావుగా. కొత్త టీచరు "అర్థమైందా?" అనడగ్గానే తలూపకు. కాలేదని చెప్పు. ఆవిడ బాధపడితే పడనీ. మాకేం కాదు.

అయ్యో, మీరందరూ ఇంకా చేతులు ఎత్తే ఉంచారే! నేను చెప్పేదాకా దించకూడదని ఎవరు నేర్పారర్రా మీకు? (నవ్వులు)

దించండి పిల్లలూ. పాఠం అయిపోయింది. సెలవు.