డ్రైవర్ భద్రు నిద్ర

కన్ను అట్ల నలపకు బిడ్డా. చెయ్యి తియ్యి ముందు. దుమ్ము పడితే నీళ్లు కొట్టుకోవాలె గానీ, గట్ల పిడికిలి పెట్టి రుద్దుతరా ఎవరన్న. ఆ ఫోన్ పక్కకు పెట్టి ఇట్ల కూసో జరసేపు. ఎవరన్న కన్ను నలిపితే నాకు భద్రు యాదికొస్తడు. నీకు తెల్వదులే శ్రావణీ, నువ్వు అప్పుడు ఉయ్యాలల ఉన్నవ్. మీ అమ్మనడుగు, చెప్తది. మనింటికొచ్చి పుంటికూర పప్పు వేసుకొని కడుపునిండ తినిపోయేటోడు. నేను కండక్టర్ చేసిన రోజుల్ల నా బస్సు డ్రైవరు. కొత్తగూడెం దిక్కు తండా వాళ్లది. పోయి కూడా చానేండ్లాయె. మంచి పొడగరి, సీట్ల కూసుంటే తల పైకి తాకుతదా అన్నట్టుండేది. వాని గొప్ప ఏందంటే నిద్ర. నువ్వు నవ్వుతున్నవ్ గానీ, గసొంటి నిద్ర నేనెవరి దగ్గరా చూడలే. ఒకసారి మా డిపోల ఒకాయన బిడ్డ పెండ్లికి పోయినం. బ్యాండోళ్ల పక్కనే చాప మీద ఒరిగిండు. డోలు కొట్టేటోడు ఈయన కాలు తట్టుకొని పడ్డడు, డోలు దొర్లింది, జనం ఉరికొచ్చిన్రు, ఈయన మాత్రం ఇటు పక్క నుంచి అటు పక్కకు మర్లిండు, గంతే. నైట్ హాల్ట్ బస్సుకు గసొంటోడే కావాలె. రాత్రికి చర్ల అవతల ఊర్ల బస్సు పెట్టుడు, బస్సులనే పండుకునుడు, తెల్లారగట్ల మొదటి ట్రిప్పు తీసి భద్రాచలం పోవుడు. ఆ బస్సు పోకపోతే ఆ ఊర్లోళ్లకు ఇంకో దారి లేదు. దవాఖానాకు పోయేటోళ్లు, ఇప్పపువ్వు అమ్మేటోళ్లు, హాస్టల్ పిల్లలు, అందరూ దానికే. ఆ రోడ్డు గురించి చెప్పాలంటే ఇంకో రోజు గావాలె, వద్దులే.

ఆఁ, కన్ను. రెండువేల మూడో, నాలుగో అనుకో. ఎదురుంగ వెదురు లోడు లారీ వచ్చింది. రోడ్డేమో ఒక్క బండి పట్టేంత. భద్రు బస్సును పక్కకు, పొదల్లకు దించిండు. కిటికీ తెరిచే ఉండె. వెదురు కొమ్మ ఒకటి వంగి ఉన్నది సర్రున లేచొచ్చి ఆకు కంట్ల కొట్టింది. వెదురాకు అంచు ముట్టుకున్నవా ఎన్నడన్న? వేలు తెగుతది. అప్పటికప్పుడు దవాఖానాల చుక్కలేసిన్రు, పట్టీ కట్టిన్రు, నాలుగొద్దులల్ల మానింది. మేం మరిచిపోయినం కూడా. నెల దాటిందో లేదో, ఒకనాడు బస్సుల పండుకున్నం, కోడి కూసే యాళ్లకు ఈయన గొడ్డు అరిచినట్టు అరిచిండు. నేను పాము అనుకున్న. కట్టె పట్టుకొని లేచిన. చూస్తే సీట్ల కింద కూసొని మొఖం రెండు చేతులల్ల పట్టుకున్నడు. "నారాయణన్నా, రెప్ప తెరిస్తే కన్ను చీరినట్టయిందే," అంటడు. నీళ్లు ధారగ కారుతున్నయ్. టార్చి పెట్టి చూస్తే ఎర్రగ ఉంది, గంతే, ఇంకేం కనవడలే. బయట జనం బస్సు బాదుతున్నరు, ఇంకెప్పుడు తీస్తరని. తడిబట్ట పెట్టుకొని కూసున్నడు, పొద్దు పొడిచినంక మెల్లగ తగ్గింది, అప్పుడు తీసిండు బస్సు.

అది ఒక్కరోజుతోటి పోయిందా అంటే పోలే. నాలుగొద్దులు మంచిగ ఉండుడు, ఐదోనాడు మల్ల అదే. నిద్రల ఉన్నంతసేపు ఏం లేదు. లేచి రెప్ప తెరిచిన ఆ ఒక్క క్షణం ఉంది చూడు, అదీ సంగతి. పగటిపూట కునుకు తీసినా అంతే. ఇగ దవాఖానాకు ఎప్పుడు పోతడు? ట్రిప్పు అయినంక, పగటీలి. అప్పటికి కన్ను తెల్లగ, నున్నగ, ఏం తెల్వనట్టే ఉంటది. డాక్టరు బల్బు పెట్టి చూసి "ఏం లేదయ్యా, గాయం మానింది, దుమ్ముల తిరుగుతవు గద, చుక్కలేసుకో" అన్నడు. ఇంకో డాక్టరు "నీకు కంట్ల గాదు, మనసుల ఉంది రోగం, టెన్షన్ తగ్గించుకో" అని నిద్రగోలీలు రాసిండు. నిద్రకు భయపడేటోనికి నిద్రగోలీలు. వాళ్లననుడు ఎందుకులే, వాళ్లు చూసినప్పుడు అక్కడ ఏం లేకపాయె. ఇంట్ల వాళ్లత్త దిష్టి తీసింది, తండాల మేకను కోసిన్రు. బస్సుల ఒకామె పసిపిల్ల తల్లి పాలు పిండమన్నది. ఇంకొకాయన ఏదో ఆకు పసరు తెచ్చిండు, నేను పారబోసిన. కన్ను అది, ఆటవస్తువు గాదు గద.

ఇగ మెల్లమెల్లగ నిద్రపోవుడే బంజేసిండు. పోబుద్ధి గాక గాదు, లేవాలంటే భయం. రాత్రంతా బస్సుల ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడుసుడు. కిందికి దిగుడు, టైర్లు తన్ని చూసుడు, మల్ల ఎక్కుడు. "నారాయణన్నా, పండుకున్నవా?" "లేదురా, చెప్పు." "ఏం లే, ఊకె." మల్ల కొంచెం సేపటికి "నారాయణన్నా." ఒకనాడు గట్లనే చీకట్ల రోడ్డు మీద తిరుగుతుంటే క్యాంపు పోలీసులు పట్టుకున్నరు. ఆ రోజుల్ల ఆ దిక్కంతా నక్సలైట్ల కోసం గాలింపు, రాత్రిపూట ఒంటరిగ తిరిగితే ఊకుంటరా. "ఎవడ్రా నువ్వు, ఈ టైముకు ఏం పని?" అంటే వీడు "నిద్రొస్తున్నది సార్, అందుకే తిరుగుతున్న" అన్నడు. నిద్రొచ్చేటోడు పండుకుంటడు గానీ తిరుగుడేందని వాళ్లకు ఇంకింత అనుమానం. నేను పోయి టికెట్ల మిషను, బ్యాడ్జి చూపిచ్చి తోలుకొచ్చిన. ఆ ముచ్చట చెప్పుకొని మేమిద్దరం తర్వాత నవ్వినం గానీ, ఆ రాత్రి మాత్రం వాడు నవ్వలే. సీటు మీద తలకాయ ఆనిచ్చి, "అన్నా, చిన్నపిల్లలు పండుకుంటే చూస్తే కూడా ఈర్ష్య అయితున్నదే" అన్నడు.

ఇంట్ల కూడా కష్టమే అయింది. వాళ్లావిడ ద్వాలి అని, గట్టి మనిషి. ఆమె మనింటికొచ్చి మీ నాయనమ్మతోటి చెప్పుకుంది. "అక్కా, గోడకు ఆనుకొని కూసుంటడు, కన్ను మూతపడ్తే తొడ గిచ్చుకుంటడు. పిల్లలు గట్టిగ మాట్లాడితే కసురుతడు. మొన్న అన్నం పళ్లెం ఇసిరికొట్టిండు, మల్ల తనే కూసొని ఏరిండు" అని. డిపోల ఇంకో తీరు మాట. కండ్లెర్రగ, మొఖం ఉబ్బి, నడక తూలుతుంటే ఏమనుకుంటరు? తాగుతున్నడు అన్నరు. మిషను పెట్టి ఊదించిన్రు. ఏం రాలే. ఊదినంక వాడు నా దిక్కు చూసి, "తాగుతనంటే నమ్ముతరు, నొస్తున్నదంటే నమ్మరు" అన్నడు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ...

ఏం చెప్తున్న? ఆఁ, బస్సు ఆపిన రోజు. దుమ్ముగూడెం దాటినం. పొద్దు అప్పుడే లేస్తున్నది. ముందటి సీట్ల బొజ్జయ్య అని కోయ పెద్దమనిషి, కోడలిని దవాఖానాకు తీసుకపోతున్నడు, ఆమెకు జరం, ఒళ్లు తెలుస్తలేదు. నేను టికెట్లు కొడ్తున్న. బస్సు కొంచెం ఎడమకు లాగినట్టయింది. తల ఎత్తి చూస్తే ముందట కల్వర్టు గోడ. "భద్రూ" అన్న. బ్రేకేసిండు. ఏం తగల్లే, ఎవ్వరికీ ఏం కాలే, గోడకు బస్సుకు నడుమ ఒక మనిషి పట్టేంత జాగా ఉండె. భద్రు ఇంజన్ బంజేసి, తాళం తీసి నా చేతుల పెట్టిండు. లేచి జనం దిక్కు తిరిగిండు. ఒక కన్ను మూసుకొనే ఉన్నడు, చెంప మీద నీళ్లు. "నాకు రాత్రి నిద్ర లేదు. అంతకుముందు రాత్రి కూడ లేదు. ఇప్పుడు కన్ను మూతపడ్డది. నేను నడపను, మిమ్మల్ని సంపలేను" అన్నడు. ఇగ మొదలైంది లొల్లి. "డ్యూటీ చేతగాకుంటే ఎందుకెక్కినవ్" అని ఒకడు, "మా పిల్లకు పరీక్ష ఉంది" అని ఇంకొకామె. బొజ్జయ్య లేసిండు. నేను భయపడ్డ, కోడలు గట్లుంది గద, కొడ్తడేమో అని. ఆయన భద్రు మొఖం దగ్గరికి పోయి ఆ కన్ను చూసిండు చానసేపు. తర్వాత జనానికి చెప్పిండు, "నడుపుకుంట చెప్పకుండ ఉంటే మనం ఏడుంటుంటిమి? కూసోండ్రి" అని. ఎన్కనే ఒక జీపు వస్తే చెయ్యెత్తి ఆపి, కోడలిని అండ్ల ఎక్కించినం. ఆమె బతికింది, తర్వాత మా బస్సులనే తిరిగింది. వేరే డ్రైవరు వచ్చేదాక భద్రు కల్వర్టు మీద కూసొనే ఉన్నడు. డిపోల మేనేజర్ మంచిగనే విన్నడు, సెలవు పెట్టమన్నడు, కన్ను బాగైందని కాయితం తెస్తేనే స్టీరింగు అన్నడు. న్యాయమే గద అది. కానీ ఏ డాక్టరూ రోగం ఉందనే రాయకపాయె, ఇగ బాగైందని ఎవరు రాస్తరు?

ఆ మాటకు ద్వాలే తోవ చూపిచ్చింది. "నొప్పున్నప్పుడు డాక్టర్ ఉండడు, డాక్టర్ ఉన్నప్పుడు నొప్పుండదు. దవాఖానాలనే పండుకుందాం, అక్కడే లేస్తడు" అన్నది. నేను కూడా పోయిన ఎంట. ఖమ్మంల ఒక కంటి దవాఖానా, పైన డాక్టరమ్మ ఇల్లు, కింద దవాఖానా. వరండాల దుప్పటి పరిస్తే వాచ్‌మెన్ వచ్చి "ఇది సత్రం గాదు, పొద్దుగాల చిట్టీ తీసుకొని రాండ్రి" అన్నడు. ద్వాలి లేవలే. "నా మొగనికి రోగం తెల్లారగట్ల వస్తది, నీ చిట్టీలు పొద్దెక్కినంక ఇస్తవు. రెండు కలిసేదాక ఇక్కణ్నుంచి కదల" అన్నది. వాడు గునుసుకుంట పోయిండు. ఇగ చూడు, పెండ్లి బ్యాండుల నిద్రపోయిన మనిషి, ఆ వరండాల ఎంతకూ నిద్రపోతలేడు. మర్లుతున్నడు, లేస్తున్నడు, నీళ్లు తాగుతున్నడు. ద్వాలి తల మీద చెయ్యేసి ఏదో వాళ్ల బాసల మెల్లగ చెప్పుకుంట కూసుంది, పిల్లలకు చెప్పినట్టు. ఎప్పటికో పట్టింది. తెల్లారగట్ల లేసిండు, అరిచిండు. ఆ అరుపుకు పైన లైటు ఎలిగింది. డాక్టరమ్మ జడ గూడ అల్లుకోకుండ దిగొచ్చింది. చిన్న మనిషే, మీ అమ్మంత ఉంటది. ముందు మొద్దుబారే చుక్కేసింది, తర్వాత ఒక పచ్చ మందు, నీలం లైటు పెట్టి మిషన్ల నుంచి చూసింది. "ఇదిగో, పొర లేచిపోయింది" అన్నది. భద్రు మిషన్ మీద గదవ అట్లనే పెట్టి, "ఉందా మేడం? నిజంగనే ఉందా?" అన్నడు. "ఉందయ్యా, మస్తు పెద్దగనే ఉంది. ఇన్నాళ్లు ఎట్ల ఓర్చుకున్నవ్" అన్నది. ఇగ ఏడ్చిండు. నొప్పికి గాదు, నొప్పి చుక్కకే పోయింది. ద్వాలి కొంగు నోట్ల పెట్టుకుంది. నేను బయటికొచ్చిన.

ఏమైందో మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. నల్లగుడ్డు మీద పల్చటి పొర ఉంటదట, దెబ్బ మానినా అది కిందికి గట్టిగ అతుకలేదట. నిద్రల కన్ను ఎండి రెప్ప దానికి అంటుకుంటది, లేచి తెరిస్తే రెప్పతోపాటు పొర చిరుగుతది, పగటీలికి మల్ల పూడుతది. అందుకే ఎవ్వరికీ కనవడలే. కట్టులెక్క ఉండే పల్చటి లెన్స్ పెట్టింది, తర్వాత రాత్రి పండుకునేముందు మలాం. అన్నిటికంటె మించి, లేవంగనే కన్ను తెరవొద్దు. రెప్ప మూసుకొనే గుడ్డును మెల్లగ అటిటు కదపాలె, మూలకు చుక్కేసుకోవాలె, ఆగాలె, అప్పుడు తెరవాలె. ఒక్కసారితోటి పోలేదు బిడ్డా, మధ్యల రెండుమూడు మాట్లు మల్ల పొర లేచింది, ఒకసారి పొర గీకి మల్ల కొత్తగ రానిచ్చిన్రు. కానీ నిద్ర వచ్చింది. బస్సు మల్ల ఎక్కిండు. నైట్ హాల్ట్‌ల నేనే ముందు లేచి "భద్రూ, తెల్లారింది, తెరవకు" అనేటోణ్ని. కండ్లు మూసుకొనే "తెరుస్తలేనే" అనేటోడు. చుక్కల సీసా చేతుల పెట్టేటోణ్ని. బయట జనానికి గూడ అలవాటైంది, "డ్రైవరు కన్ను తెరుస్తున్నడు, ఆగుండ్రి" అనుకునేటోళ్లు.

ఇంకా చానేండ్లు నడిపిండు. తర్వాత కామెర్లు వచ్చినయ్. ముదిరినంక తెలిసింది. నేను చూడబోయిన నాడు మనిషికి తెలివి లేదు, పిలిస్తే పలుకుతలేడు. డాక్టర్లు ఇంటోళ్లకు చెప్పేసిన్రు. ద్వాలి కొంగుల నుంచి మలాం ట్యూబు తీసింది, రెప్ప కిందికి లాగి మెల్లగ పూస్తున్నది. నర్సు పిల్ల చూసి, "ఆయనకు ఇప్పుడు అదెందుకమ్మా" అన్నది. ద్వాలి ఏమన్నదంటే, "పుయ్యకుంటే పొద్దుగాల లేసినప్పుడు గుచ్చుతది సిస్టర్" అన్నది. చుక్కల సీసా దిండు పక్కన పెట్టింది. నేను గూడ ఆ రాత్రి అక్కడే ఉన్న. పొద్దుగాల...

కుక్కర్ ఎన్ని కూతలైనయ్? మీ అమ్మ మూడు అన్నది. పో, బంజెయ్యి.